టీమ్ లీడ్ తర్వాత ఎటు? సర్వీస్ కంపెనీ, జీసీసీ, రిమోట్, టెక్నికల్ దారి: ఎవరికి ఏది

పోయిన నెలలో ఒకే వారంలో మూడు ఫోన్లు వచ్చాయి. ముగ్గురూ పది పన్నెండేళ్ల అనుభవం ఉన్నవాళ్లే, ముగ్గురూ ఇప్పుడు టీమ్ లీడ్‌లే. ఒకతనికి తన సర్వీస్ కంపెనీలోనే (వేరే కంపెనీల ఐటీ పనిని కాంట్రాక్టు మీద చేసిపెట్టేది) డెలివరీ మేనేజర్ ప్రమోషన్ ఇస్తామన్నారు. ఒకమ్మాయి చేతిలో జీసీసీ (గ్లోబల్ కేపబిలిటీ సెంటర్, అంటే విదేశీ కంపెనీ ఇక్కడ పెట్టుకున్న సొంత సెంటర్) ఆఫర్ ఉంది, మూడు రోజుల్లో జవాబు చెప్పాలి. మూడో అతను రాజమండ్రి వెళ్లిపోయి, అమ్మానాన్నల దగ్గరుంటూ ఏదైనా విదేశీ కంపెనీకి ఇంటి నుంచి చేసుకుందామని చూస్తున్నాడు. ముగ్గురూ అడిగింది ఒకటే: "అన్నా, ఏది సేఫ్?"

సేఫ్ అయినది ఏదీ లేదని ముగ్గురికీ చెప్పాను. ఒక్కోచోట ఉద్యోగం ఒక్కో రకంగా పోతుంది, ఒక్కోచోట నిద్ర ఒక్కో రకంగా పోతుంది. ఏది పోతే మీరు, మీ ఇల్లు తట్టుకోగలరో చూసుకుని ఎంచుకోవాలి. ఫోన్లో అరగంట చొప్పున చెప్పినదాన్ని ఇక్కడ ఓపిగ్గా రాస్తున్నాను.

నా సంగతి ముందే చెప్పేస్తాను. పదిహేడేళ్లుగా ఈ రంగంలో ఉన్నాను. అందులో పదకొండేళ్లు సర్వీస్ కంపెనీలో, మిగతాది జీసీసీలో. రిమోట్ నేను చేయలేదు, చేస్తున్న స్నేహితుణ్ణి దగ్గరగా చూశానంతే. ఆ భాగం చదివేటప్పుడు ఈ మాట గుర్తుంచుకోండి.

## ముందు ఏం చూడాలి

మనవాళ్లు మొదట ప్యాకేజీ చూస్తారు, ఆ తర్వాత డిజిగ్నేషన్, ఆ తర్వాత ఆఫీసుకి ఎన్ని రోజులు రావాలని అడుగుతారు. నేనైతే ఈ మూడింటి కంటే ముందు ఇంకోటి అడుగుతాను.

చేతిలో ఏ నిర్ణయం ఉంటుంది? టీమ్‌లోకి ఎవరిని తీసుకోవాలి, ఎవరికి ఎంత హైక్ ఇవ్వాలి, పైవాళ్లు తేదీ అడిగితే "ఆ తేదీకి కుదరదు" అనగలమా. ఈ మూడింటిలో ఎన్ని మీ చేతిలో ఉంటాయో చూడండి. ఒక్కటీ లేని చోట మేనేజరంటే పైనుంచి వచ్చిన మెయిల్‌ను కిందికి ఫార్వర్డ్ చేసే మనిషే. బాధ్యత నిండుగా ఉండి అధికారం లేనప్పుడు మనిషి అడకత్తెరలో పోకచెక్క అవుతాడు. ప్రపంచమంతటా ఇదే తంతు. సర్వే సంస్థ గాలప్ 2025లో ఇచ్చిన నివేదికలో, పనిలో మనసు పెట్టి ఉన్న మేనేజర్లు ఒక్క ఏడాదిలో 30 శాతం నుంచి 27 శాతానికి పడిపోయారు. కింద పనిచేసేవాళ్ల లెక్కలో పెద్ద మార్పు లేదు. అరిగిపోతున్నది మధ్యలో ఉన్నవాళ్లు.

గడియారం ఎవరిది? న్యూయార్క్‌లో పొద్దున 9 అంటే మనకు వేసవిలో సాయంత్రం 6:30, నవంబర్ నుంచి 7:30. సియాటిల్‌లో 9 అంటే రాత్రి 9:30, చలికాలంలో 10:30. జర్మనీలో, స్విట్జర్లాండ్‌లో 10 అంటే మధ్యాహ్నం 1:30 లేదా 2:30. సిడ్నీలో పొద్దున 10 అంటే మనకు తెల్లవారుజామున 5:30, వాళ్ల ఎండాకాలంలో 4:30. ఇంజనీరుగా ఉన్నప్పుడు వారానికి ఒకటి రెండు కాల్స్ ఎగ్గొట్టొచ్చు. టీమ్ మీదైతే ఎగ్గొట్టడం కుదరదు. కంపెనీ పేరు కంటే ముందు, మీ పైవాళ్లు ఏ ఊళ్లో కూర్చుంటారో కనుక్కోండి.

ఉద్యోగం పోతే ఎలా పోతుంది? బెంచ్ మీదకు వచ్చి (ప్రాజెక్టు లేక ఖాళీగా కూర్చుని) పోతుందా, రీఆర్గ్‌లో (టీమ్‌లను తిరగరాసేటప్పుడు) పోతుందా, ఒక పొద్దున లాగిన్ కాకపోవడంతో పోతుందా. నోటీసు ఎంత, చేతికి ఏమొస్తుంది.

ఏఐ మీ పనిలో ఏ ముక్కని తినేస్తుంది? స్టేటస్ రిపోర్టు, మీటింగ్ నోట్స్, ఎక్సెల్ ట్రాకర్. మీ రోజులో సగం వీటికే పోతుంటే, మీరు ఏ దారిలో ఉన్నా ప్రమాదమే.

డబ్బు, ఊరు, ఆఫీసు రోజులు ఆ తర్వాత. అవి ముఖ్యం కాదని కాదు. ఆఫర్ లెటర్‌లోనే రాసి ఉంటాయి కాబట్టి పొరపాటు పడే అవకాశం తక్కువ.

| | సర్వీస్ కంపెనీ | జీసీసీ | విదేశీ చిన్న కంపెనీకి రిమోట్ | టెక్నికల్ దారి (టీమ్ లేకుండా ఇంజనీరుగానే ఎదగడం) |
|---|---|---|---|---|
| హైక్, హైరింగ్‌లో మాట | తక్కువ | మధ్యస్థం, సెంటర్‌ని బట్టి | ఎక్కువ, కానీ టీమ్ చిన్నది | మనుషుల మీద లేదు, డిజైన్ మీద ఉంటుంది |
| గడియారం | క్లయింట్‌ది | హెడ్డాఫీసుది | చాలావరకు మీది | కాల్స్ తక్కువ |
| ఎలా పోతుంది | బెంచ్, అకౌంట్ (ఒక క్లయింట్ పని) మూత | రీఆర్గ్, సెంటర్ వ్యూహం మారడం | ఫండింగ్ ఆగిపోవడం, రాత్రికి రాత్రే | నైపుణ్యం పాతబడటం |
| డబ్బు | నిదానంగా పెరుగుతుంది | ఎక్కువ, కొన్నిచోట్ల షేర్లు కూడా | చేతికి ఎక్కువ, వెనక రక్షణ తక్కువ | కంపెనీని బట్టి చాలా తేడా |
| ఊరు | హైదరాబాద్, కొంత విశాఖ | దాదాపు హైదరాబాదే | ఎక్కడైనా | జీసీసీ లాగే |

పట్టికలో అన్నీ తేలిగ్గానే కనిపిస్తాయి. అసలు తిరకాసంతా లోపలికి వెళ్తే తెలుస్తుంది.

## ఉన్న సర్వీస్ కంపెనీలోనే డెలివరీ మేనేజర్

నేను ఇక్కడే పెరిగాను కాబట్టి దీని మీద నాకు ప్రేమా ఉంది, కోపమూ ఉంది.

ప్రేమ దేనికంటే, మనుషుల్ని నడపడం నేర్చుకోవడానికి ఇంత పెద్ద బడి ఇంకెక్కడా లేదు. ముప్పై రెండేళ్లకే నలభై మందిని మీ చేతికి ఇచ్చేస్తారు. అందులో నిన్న కాలేజీ వదిలినవాళ్లు ఉంటారు, మీకంటే పదేళ్లు పెద్దవాళ్లూ ఉంటారు. ఎస్కలేషన్ కాల్‌లో క్లయింట్ అరుస్తుంటే గొంతు మారకుండా మాట్లాడటం, ఫిక్స్‌డ్ ప్రైస్ కాంట్రాక్టుకీ (మొత్తం ధర ముందే ఖాయం) టైమ్ అండ్ మెటీరియల్‌కీ (పనిచేసిన గంటల లెక్క) తేడాలో డబ్బు ఎక్కడ జారిపోతుందో పసిగట్టడం, శుక్రవారం సాయంత్రం వచ్చిన రిజిగ్నేషన్‌ను సోమవారానికి ఆపగలగడం, ఇవన్నీ ఇక్కడే వస్తాయి. ఒక అకౌంట్ మూతపడినా ఇంకో అకౌంట్‌కి మారే వీలుంటుంది. ఆ వీలు చిన్న కంపెనీల్లో లేదు.

ఇక కోపం. ఒక ఏడాది నా టీమ్‌లో పదకొండు మంది. బెల్ కర్వ్ (ప్రతి టీమ్‌లో ఇంతమందికి ఇంత రేటింగ్ అని ముందే కొలత పెట్టే పద్ధతి) ప్రకారం ఒకరికి అట్టడుగు రేటింగ్ తప్పనిసరి. నేను పంపిన జాబితాలో ఎవరికీ ఆ రేటింగ్ లేదు. తిరిగొచ్చిన జాబితాలో ఒకమ్మాయి పేరు ఎదురుగా ఉంది. ప్రసవం సెలవు ముగించుకుని వచ్చి అప్పటికి అయిదు నెలలు. ఏడాదిలో పనిచేసిన రోజులు తక్కువ కదా అన్నారు. అద్దాల మీటింగ్ రూమ్‌లో కూర్చోబెట్టి చెప్పాను. కాఫీ కప్పు అంచు మీది నురగను వేలితో తుడుస్తూ చాలాసేపు ఊరుకుంది. తర్వాత, "నీ చేతిలో లేదని తెలుసన్నా, కానీ చెప్పేది నువ్వే కదా" అంది. నా దగ్గర జవాబు లేదు. మూడు నెలల తర్వాత ఆమె మానేసింది, ఏడాది తర్వాత నేనూ మానేశాను. ఇప్పుడు చాలా కంపెనీలు బెల్ కర్వ్ తీసేశామంటున్నాయి. హైక్ బడ్జెట్‌కి హద్దు ఉన్నంతకాలం ఏదో ఒక రూపంలో అది ఉంటుంది. ప్రమోషన్ తీసుకునే ముందు, ఆ రేటింగ్ గదిలో మీకు కుర్చీ ఉంటుందా, వచ్చిన జాబితా చదివి వినిపించడమే మీ పనా అని అడిగి తెలుసుకోండి.

రెండో సమస్య లెక్కల్లో ఉంది. సర్వీస్ కంపెనీ లాభం పిరమిడ్ మీద నిలబడుతుంది. కింద తక్కువ జీతం ఉన్న జూనియర్లు ఎక్కువ మంది, పైన కొద్దిమంది. ఇప్పుడు క్లయింట్లు "మీవాళ్లు ఏఐ వాడుతున్నారుగా, రేటు తగ్గించండి" అంటున్నారు. రేటు తగ్గితే ముందు నొప్పి తగిలేది బిల్లింగ్‌కి (క్లయింట్ నుంచి వసూలయ్యే డబ్బుకి) సరిపడని జీతం తీసుకునే మధ్యస్థాయికి. 2025 జూలైలో టీసీఎస్ దాదాపు 12 వేల మందిని, అంటే తన ఉద్యోగుల్లో సుమారు 2 శాతం మందిని తగ్గిస్తామని ప్రకటించింది. ఎక్కువగా మధ్య, పై స్థాయుల వాళ్లే ఉంటారని కంపెనీయే చెప్పింది. దానికి ముందు నెలలోనే ఏడాదికి కనీసం 225 రోజులు బిల్లింగ్‌లో ఉండాలని, బెంచ్ 35 రోజులు దాటకూడదని నియమం తెచ్చింది. ఇది ఒక్క కంపెనీ గొడవ కాదు. డెలివరీ మేనేజర్‌గా మీరు బిల్లబుల్ కాకపోతే, మీ జీతం అకౌంట్ మీద ఓవర్‌హెడ్‌గా కూర్చుంటుందన్న సంగతి మర్చిపోవద్దు.

అందుకే ప్రమోషన్ ఇస్తామన్నవాళ్లని నేను అడగమనేది ఒక్కటే: "అకౌంట్ మార్జిన్ షీట్ (ఆ అకౌంట్‌లో లాభమెంతో చూపే లెక్క) నాకు కనిపిస్తుందా?" కనిపిస్తుందంటే మిమ్మల్ని వ్యాపారంలో భాగం చేస్తున్నారు. "అది మీ పైవాళ్లు చూసుకుంటారు" అంటే, పేరు మారి పని మారని ప్రమోషన్ అది.

## జీసీసీ

పాతవాళ్లం క్యాప్టివ్ అనేవాళ్లం, ఇప్పుడు జీసీసీ అంటున్నారు. విదేశీ కంపెనీ తన పని తానే ఇక్కడ పెట్టుకున్న సెంటర్. ఐటీ పరిశ్రమ సంఘం నాస్కామ్, కన్సల్టింగ్ సంస్థ జిన్నోవ్ లెక్క ప్రకారం 2024 ఆర్థిక సంవత్సరానికి దేశంలో ఇవి 1,700 దాటాయి, 19 లక్షల మంది పనిచేస్తున్నారు. హైదరాబాద్‌కి ఇది కొత్త కాదు. మైక్రోసాఫ్ట్ డెవలప్‌మెంట్ సెంటర్ 1998లోనే వచ్చింది, నానక్‌రామ్‌గూడలో అమెజాన్ క్యాంపస్ 2019లో తెరుచుకుంది. మారింది ఏమిటంటే, ఇప్పుడు టెక్నాలజీ కంపెనీలు కానివి కూడా వస్తున్నాయి. ఆమ్‌జెన్, ఎలీ లిల్లీ లాంటి మందుల కంపెనీలు 2025లో ఇక్కడ సెంటర్లు తెరిచాయి. బర్గర్లమ్మే మెక్‌డొనాల్డ్స్ కూడా అదే ఏడాది హైటెక్ సిటీలో పెద్ద ఆఫీసు పెట్టింది.

జీతం ఎక్కువ. క్లయింట్ అనేవాడు ఉండడు, అందరం ఒకే కంపెనీ. బిల్లింగ్ గోల లేదు. వినడానికి బాగుంటుంది, చాలావరకు నిజం కూడా. చేరిన ఏడాదిలో ఒకసారి ప్రొడక్ట్ హెడ్ ఒక ఫీచర్ అడిగితే "ఈ క్వార్టర్‌లో కాదు" అన్నాను, అలవాటు కొద్దీ గొడవకు సిద్ధపడి కూడా కూర్చున్నాను. ఆయన "సరే, వచ్చే క్వార్టర్‌లో పెట్టు" అని వేరే విషయంలోకి వెళ్లిపోయాడు. పదకొండేళ్లలో అలా ఒక్కసారి కూడా జరగలేదు.

కానీ జీసీసీలన్నీ ఒకటి కాదు. కొన్నింటిలో ప్రొడక్ట్ మొత్తం ఇక్కడిదే, ఏం కట్టాలో ఇక్కడే తేలుతుంది. కొన్నింటిలో హెడ్డాఫీసు చేయడం ఇష్టంలేక వదిలేసిన పని, పాత సిస్టమ్‌ల మెయింటెనెన్స్, టికెట్లు ఇక్కడికి వస్తాయి. బయటి బోర్డు ఒకటే, లోపలి పని వేరు. ఇంకొన్ని సర్వీస్ కంపెనీయే కట్టి, నడిపి, రెండు మూడేళ్లకు అప్పగించే పద్ధతిలో మొదలవుతాయి. అక్కడ మొదటి రోజుల్లో మీ పక్క సీటు మనిషి ఏ కంపెనీ వాడో మీకే అర్థం కాదు.

ఇక రెండు బాస్‌ల వ్యవహారం. ఇక్కడి సైట్ లీడర్ ఒకరు, అక్కడి ఫంక్షన్ హెడ్ ఒకరు. ఒకరికి సాలిడ్ లైన్ (నేరుగా రిపోర్టు చేయడం), ఇంకొకరికి డాటెడ్ లైన్ (పక్కగా రిపోర్టు చేయడం). హైక్ ఒకరి చేతిలో, పని ఇంకొకరి చేతిలో. నా టీమ్‌లో ఉగాదికి రిజైన్ చేసినవాడి స్థానంలో బోనాల నాటికి గానీ మనిషి రాలేదు. ఎవరూ కాదనలేదు, కానీ ఆమోదం మూడు టైమ్‌జోన్లు దాటాల్సి వచ్చింది. ఒక్కోసారి అర్ధరాత్రి రీఆర్గ్ మెయిల్ వస్తుంది, పొద్దున లేచేసరికి మీ సాలిడ్ లైన్ వేరే దేశానికి మారి ఉంటుంది.

ఇంటర్వ్యూలో మీకూ ప్రశ్నలు అడిగే సమయం ఇస్తారు కదా, "కల్చర్ ఎలా ఉంటుంది" అని ఆ సమయాన్ని వృథా చేయొద్దు. ఇవి అడగండి:

- గత ఏడాదిలో ఈ టీమ్ సొంతంగా తీసుకున్న ఒక నిర్ణయం చెప్పండి. (నీళ్లు నమిలితే అర్థం చేసుకోండి.)
- నా టీమ్ హెడ్‌కౌంట్ ఎవరి బడ్జెట్‌లో ఉంది?
- నా మేనేజర్ ఏ ఊళ్లో ఉంటారు? గత రెండేళ్లలో ఎంతమంది మారారు?
- హైదరాబాద్ నుంచి నడిచే గ్లోబల్ రోల్స్ ఎన్ని?

నాలుగో ప్రశ్న పైకి ఎదగాలనుకునేవాళ్లకి. చాలా సెంటర్లలో ఒక మెట్టు దాకా బాగా ఎదుగుతారు, ఆ పైన కుర్చీలన్నీ హెడ్డాఫీసులోనే ఉంటాయి.

షేర్లు ఇస్తే సంతోషం, కానీ లెక్క తెలుసుకోండి. షేర్లు మీ పేరు మీదకు వచ్చిన రోజున వాటి విలువ జీతం కిందే లెక్కకొచ్చి పన్ను పడుతుంది. అవి విదేశీ కంపెనీ షేర్లయితే ఐటీ రిటర్న్‌లో విదేశీ ఆస్తుల షెడ్యూల్‌లో ప్రతి ఏటా చూపించాలి. ఆ ఏడాది అమ్మకపోయినా సరే. చాలామంది మర్చిపోయేది ఇక్కడే.

ఆఫీసు రోజుల గురించి ఒక పక్కమాట. ట్రావెల్ కంపెనీ ట్రిప్‌డాట్‌కామ్‌లో 1,612 మంది మీద చేసిన పరిశోధన 2024లో నేచర్ పత్రికలో వచ్చింది. వారానికి రెండు రోజులు ఇంటి నుంచి పనిచేయనిస్తే మానేసేవాళ్లు మూడో వంతు తగ్గారు, పనితీరు ఏమీ దెబ్బతినలేదు. తగ్గుదల బాగా కనిపించింది మహిళల్లో, దూరం నుంచి వచ్చేవాళ్లలో, మేనేజర్లు కానివాళ్లలో. మీ టీమ్ నిలబడాలంటే హైబ్రిడ్ మీకంటే మీ టీమ్‌కే ఎక్కువ అవసరమన్నమాట. ఉప్పల్ నుంచి గచ్చిబౌలి వచ్చేవాణ్ణి అడిగితే ఈ పరిశోధన అక్కర్లేకుండానే చెబుతాడు. అయితే హైబ్రిడ్ శాశ్వతం అనుకోవద్దు. అమెజాన్ 2025 జనవరి నుంచి వారానికి అయిదు రోజులు రమ్మంది. ఆఫర్ లెటర్‌లో "కంపెనీ పాలసీ ప్రకారం" అని ఉంటే, రేపు ఆ పాలసీ మారొచ్చని అర్థం.

## విదేశీ చిన్న కంపెనీకి ఇంటి నుంచి

హనుమకొండలో నా స్నేహితుడొకడు బెర్లిన్‌లోని చిన్న కంపెనీకి మూడేళ్లు పనిచేశాడు. ఆరుగురు మనుషులు, అయిదు దేశాలు. ఇంటర్వ్యూలు వాడే చేశాడు, ఎవరిని తీసుకోవాలో వాడే తేల్చాడు. వారానికి కాల్స్ మూడే. మిగతాదంతా రాతలోనే. నిర్ణయం తీసుకుంటే ఎందుకో ఒక పేజీ రాయాలి. "మాట్లాడితే అయిదు నిమిషాల్లో అయ్యేదాన్ని గంటసేపు రాయమంటారు" అని మొదట్లో విసుక్కునేవాడు. ఆర్నెల్లకి ఆ పద్ధతే వాడికి నచ్చింది, మా వాట్సాప్ గ్రూపులో ట్రిప్ ప్లాన్ కూడా పేజీ రాసి పెట్టడం మొదలెట్టాడు.

తర్వాత ఒక మంగళవారం పొద్దున ఆఫీసు చాట్ యాప్ స్లాక్ లాగిన్ కాలేదు. వైఫై అనుకుని రౌటర్ ఆపి పెట్టాడు. మెయిల్ కూడా తెరుచుకోలేదు. గంట తర్వాత పర్సనల్ మెయిల్‌కి సందేశం వచ్చింది, ఫండింగ్ రాలేదని. అంతే. వాడు ఉద్యోగి కాదు, కాంట్రాక్టర్. ఒప్పందంలో నోటీసు పదిహేను రోజులు.

ఇక్కడ రెండు పద్ధతులున్నాయి, తేడా తెలియక చాలామంది సంతకం పెట్టేస్తారు.

ఒకటి ఈఓఆర్ (ఎంప్లాయర్ ఆఫ్ రికార్డ్). ఇండియాలో ఉన్న ఒక మధ్యవర్తి సంస్థ కాగితాల మీద మీ యజమాని. పేస్లిప్, పీఎఫ్, గ్రాట్యుటీ అన్నీ మామూలు ఉద్యోగంలా ఉంటాయి.

రెండోది కాంట్రాక్టర్. నెలనెలా ఇన్వాయిస్ పంపుతారు. పీఎఫ్ లేదు, గ్రాట్యుటీ లేదు, ఒప్పందంలో రాస్తే తప్ప జీతంతో సెలవు లేదు. పన్ను మాత్రం కలిసొస్తుంది. ఐటీ వృత్తి ఆదాయం ఏడాదికి 75 లక్షల లోపుంటే, నగదు రాబడి 5 శాతం మించకపోతే, వచ్చినదాంట్లో సగాన్నే ఆదాయంగా చూపి పన్ను కట్టే సౌకర్యం ఉంది. రాబడి 20 లక్షలు దాటితే జీఎస్‌టీ రిజిస్ట్రేషన్, ఎల్‌యూటీ (విదేశీ క్లయింట్‌కి జీఎస్‌టీ కట్టకుండా బిల్లు పంపడానికి ఇచ్చే హామీ పత్రం) వ్యవహారం చూసుకోవాలి. మొదటి ఇన్వాయిస్‌కి ముందే సీఏ దగ్గరికి వెళ్లండి, మార్చిలో కాదు.

గ్రాట్యుటీ చిన్న విషయం అనుకోకండి. నెలకు బేసిక్ 80 వేలు, సర్వీసు తొమ్మిదేళ్లు అనుకుందాం. 80 వేలను 26తో భాగించి, 15తో, మళ్లీ 9తో గుణిస్తే దాదాపు 4 లక్షల 15 వేలు. కాంట్రాక్టర్‌గా అది సున్నా. హోమ్ లోన్‌కి వెళ్తే బ్యాంకు పేస్లిప్ బదులు రెండు మూడేళ్ల రిటర్నులు అడుగుతుంది. డాలర్ లెక్కలో చూసిన జీతం నుంచి ఇవన్నీ తీసేసి, ఆరోగ్య బీమా సొంతంగా కట్టుకుని, ఆరునెలల ఖర్చు పక్కన పెట్టుకున్నాక కూడా మీకు లాభమేనా అని చూసుకోండి. చాలామందికి లాభమే. కానీ దూరపు కొండలు ఎంత నునుపో తెలియాలంటే ఈ లెక్క వేయాల్సిందే.

నాయకత్వం సంగతికొస్తే, ఆరుగుర్ని నడిపి "హెడ్ ఆఫ్ ఇంజనీరింగ్" అనిపించుకున్నవాళ్లు పెద్ద కంపెనీకి తిరిగొస్తే హెచ్‌ఆర్ మళ్లీ సీనియర్ మేనేజర్ బ్యాండ్‌లోనే కూర్చోబెడుతుంది. అది మనసుకి తగిలేవాళ్లు ముందే ఆలోచించుకోవాలి.

ఉన్న ఉద్యోగం వదలకుండా రాత్రిపూట రిమోట్ పని పెట్టుకుందామనుకునేవాళ్లకి ఒక్క మాట: వద్దు. 2022లో విప్రో ఇలాంటి కారణంతో 300 మందిని తీసేసింది.

## టీమ్ వద్దు, టెక్నికల్ దారి

మన ఇళ్లలో "ఇంకా మేనేజర్ కాలేదా" అని అడిగే బాబాయిలకు ఈ దారి అర్థం కాదు. వాళ్లని పట్టించుకోవద్దు.

గాలి ఇటు వీస్తోంది. 2024 సెప్టెంబర్‌లో అమెజాన్ సీఈఓ ఆండీ జాస్సీ, మేనేజర్లతో పోలిస్తే స్వయంగా పనిచేసేవాళ్ల నిష్పత్తిని కనీసం 15 శాతం పెంచాలని అన్ని విభాగాలకూ చెప్పారు. మెటా 2023లోనే మధ్య మెట్లు తగ్గించడం మొదలుపెట్టింది. ఇద్దరు ముగ్గురు మనుషుల మీద ఒక మేనేజర్ ఉండే రోజులు పోతున్నాయి. ఇలాంటి కంపెనీల్లో స్టాఫ్, ప్రిన్సిపల్ ఇంజనీరు హోదాలకు జీతం, గౌరవం మేనేజర్లతో సమానంగా ఉంటాయి.

సర్వీస్ కంపెనీల్లో మాత్రం జాగ్రత్త. ఆర్కిటెక్ట్ అని పేరు పెట్టి ప్రీసేల్స్ (కాంట్రాక్టు గెలవడానికి క్లయింట్‌కి చూపించే) స్లైడ్లు చేయించే చోట్లు బోలెడు. మూడేళ్లు స్లైడ్లు చేసినవాడు ఇంటర్వ్యూలో వైట్‌బోర్డు ముందు నిలబడితే తెలిసిపోతుంది.

మిమ్మల్ని మీరు ఒక ప్రశ్న అడగండి: గత ఆరునెలల్లో నేను స్వయంగా రాసిన కోడ్, చేసిన డిజైన్ ఏది? టక్కున చెప్పగలిగితే ఈ దారి మీదే. నాలుగేళ్ల కింద రాసినది గుర్తొస్తే, ముందు ఆర్నెల్లు సానపెట్టుకుని అప్పుడు దిగండి. ఏఐ టూల్స్ కోడ్ రాస్తున్నాయి, నిజమే. అవి రాసినదాంట్లో రెండో వారంలో ప్రొడక్షన్‌లో ఏం పగులుతుందో ముందే చెప్పగలిగేవాడి అవసరం మాత్రం తగ్గలేదు.

## మరి అమెరికా?

ఈ ప్రశ్న వస్తుందని తెలుసు. 2025 సెప్టెంబర్ 21 నుంచి కొత్త హెచ్-1బీ పిటిషన్లకు లక్ష డాలర్ల ఫీజు పెట్టారు. మిమ్మల్ని పంపడానికి కంపెనీ అంత ఖర్చు పెట్టాలంటే గట్టి కారణం కావాలి. నేనైతే దీన్ని ప్లాన్‌లో పెట్టుకోను. వస్తే చూద్దాం.

## ఎవరికి ఏది

ఇంటి ఈఎంఐ పెద్దది, పిల్లలు ఆరు ఏడు తరగతుల్లో ఉన్నారు, ఇంట్లో ఒకరే సంపాదన: జీసీసీ. కుదిరితే యూరప్ హెడ్డాఫీసు ఉన్నది. కాంట్రాక్టర్ జోలికి ఇప్పుడు వెళ్లొద్దు.

భార్యాభర్తలిద్దరూ ఉద్యోగం, ఒకరికి కుదురైన జీతం ఉంది: రెండో వాళ్లు రిమోట్ ప్రయత్నించడానికి ఇదే మంచి సమయం. ఇద్దరూ ఒకేసారి మాత్రం వద్దు.

ప్రసవం తర్వాత తిరిగొస్తున్నవాళ్లు: కంపెనీ పేరు కంటే నేరుగా పైనుండే మేనేజర్ ముఖ్యం. ఆ టీమ్‌లో గత రెండేళ్లలో ఇలా తిరిగొచ్చినవాళ్లు ఎంతమంది, ఇంకా ఉన్నారా అని అడగండి. సియాటిల్ టైమ్‌తో నడిచే టీమ్ అయితే రాత్రి 10:30 కాల్స్ పసిపిల్లతో ఎలా కుదురుతాయో ముందే తేల్చుకోండి.

నలభై దాటి, పదేళ్లుగా మనుషుల్నే నడుపుతూ, కోడ్ మర్చిపోయినవాళ్లు: మీకు ఎక్కువ దారులు లేవని ఎవరైనా అంటే నమ్మొద్దు, కానీ కొంచెం నిజముంది. సర్వీస్ కంపెనీలో ఉంటే లాభనష్టాల లెక్క మీ చేతికి వచ్చే రోల్‌కి మారండి. బ్యాంకింగ్, ఫార్మా, బీమా లాంటి ఒక రంగం లోతుగా తెలిసి ఉంటే, కొత్తగా వస్తున్న జీసీసీలు అలాంటివాళ్ల కోసమే వెతుకుతున్నాయి. పదేళ్లు మందుల కంపెనీ అకౌంట్ చూసినవాడికి ఆ రంగపు రెగ్యులేషన్ తెలుసు. అది ఇరవై ఏడేళ్ల కుర్రాడికి రాదు.

ముప్పై లోపువాళ్లు, ఇంకా లీడ్ కాలేదు: మూడేళ్లు సర్వీస్ కంపెనీలో పెద్ద టీమ్ నడిపి చూడండి. మనుషులంటే విసుగొస్తుందా, సరదాగా ఉంటుందా అన్నది అక్కడ తేలిపోతుంది.

## ఆఫర్ చేతికొచ్చాక

సీటీసీలో వేరియబుల్ ఎంత, గత రెండేళ్లలో ఎంత శాతం చెల్లించారు అని అడగండి. 2025 నవంబర్ 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. అలవెన్సులు మొత్తం జీతంలో సగం దాటితే, దాటిన మేరకు వేతనంలోకే లెక్క. దానివల్ల గ్రాట్యుటీ పెరగొచ్చు, పీఎఫ్ కోత పద్ధతిని బట్టి నెలనెలా చేతికొచ్చేది తగ్గొచ్చు. బ్రేకప్ షీట్ అడిగి చూసుకున్నాకే పాత జీతంతో పోల్చండి.

పాత కంపెనీ నోటీసు 90 రోజులైతే ఆ మూడు నెలల్లో కొత్త ఆఫర్ వెనక్కి పోయే ప్రమాదం ఉంది. రిజైన్ చేసిన మెయిల్, కొత్తవాళ్ల సంతకంతో వచ్చిన లెటర్, చేరే తేదీ ఒప్పుకున్న మెయిల్, మూడూ పర్సనల్ మెయిల్‌లో దాచుకోండి. ఆఫీసు లాప్‌టాప్ మీది కాదు.

ఫోన్ చేసిన ముగ్గురి సంగతి: జీసీసీ అమ్మాయి నాలుగు ప్రశ్నలూ అడిగింది, మూడింటికి సూటిగా జవాబు వచ్చింది, చేరుతోంది. డెలివరీ మేనేజర్ కాబోతున్నతనికి మార్జిన్ షీట్ చూపిస్తామన్నారట, సరే అనేశాడు. రాజమండ్రి అతను ఇంకా తేల్చుకోలేదు. ఇన్వర్టర్ మాత్రం కొనేశాడు.